నాన్న ఊ కొట్టడం మానేశాడు

యుద్ధం రోజుల్లో నాన్న బెంగుళూరులో దండు అనే కంటోన్మెంటు ప్రాంతంలో ఒక తెల్లదొర దగ్గర గుమాస్తా. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, "ఇంటరప్ట్ అంటే ఏందప్పా?" అని నన్నడిగాడు. బడిలో నేర్పిందే చెప్పాను: ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడటం.

"నేనెప్పుడు అడ్డం పడితిని? దొర చెప్తా ఉంటే, వింటా ఉండానని ఊ కొడితిని, అంతే! ఊ కొట్టకుంటే మర్యాద ఉంటాదా?"

ఆ మర్యాదే దొరకు పొగరుగా వినబడిందట. ఏం చెవులో అవి! ఉద్యోగం పోతుందన్న భయంతో నాన్న నోరు బిగబట్టి వినడం నేర్చుకున్నాడు. ఇంట్లోనూ అదే అలవాటైపోయింది. వంటింట్లోంచి అమ్మ ఏదో చెబుతూ ఆగి, "వింటా ఉండారా?" అనేది. నాన్న తలాడించేవాడు. అది వంటింట్లోకి కనిపించేది కాదు.

కొన్నాళ్లకు అమ్మ అడగడం మానేసింది. తర్వాత చెప్పడమూ మానేసింది.