షాలేమ్ రాజు మావ క్యాబేజీల కాపలా

మా పక్కింటి షాలేమ్ రాజు మావకు ఒకే ఒక్క గొప్ప గుణం ఉంది. పండించిన కూరగాయ ఎవరికీ పెట్టడు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. పూండి స్టేషనుకు కాస్త ఇవతల మా వీధి. నవంబరు రాగానే పెరటి ఇసక నేలలో నలభై క్యాబేజీ మొక్కలూ, రెండు మళ్ల ముల్లంగీ వేస్తాడు. ఆ రోజు నుంచి ఆయన పెరటి కంచె ముందు దేశ సరిహద్దు కూడా దిగదుడుపే.

మా ఉద్దానంలో చలి ఎంతని? తెల్లవారుజామున ఓ దుప్పటి చాలు. మావ మాత్రం మంకీ క్యాపు తగిలించుకుని, ఒక్కో మొక్క ముందూ గొంతుక్కూర్చుని పురుగులు ఏరుతాడు. మందు కొట్టడు. దొరికిన పురుగుకు క్రమశిక్షణ మీద ఉపన్యాసం ఇచ్చి సాగనంపుతాడని నా అనుమానం.

ఒకసారి మా ఆవిడ స్తుతి ఒక్క క్యాబేజీ అడిగితే, ఇంకా గట్టిపడలేదన్నాడు. వారం పోయాక అడిగితే ముదిరిపోయిందన్నాడు. ఈ రెండింటికీ మధ్య కోతకొచ్చే రోజేదో ఏ క్యాలెండరులోనూ లేదు.

క్రిస్మస్‌కు పాస్టరుగారిని భోజనానికి పిలిచి, మావ భార్య రెబెక్కా అత్త పలాస బజారు నుంచి క్యాబేజీ కొనితెచ్చి వండింది. పాపం, పాస్టరుగారు కిటికీలోంచి పెరట్లోని క్యాబేజీలను చూస్తూ బజారు క్యాబేజీ నమిలారు. మర్నాటికి మళ్లో ఎనిమిది మాయం. మావ చాటుగా అమ్ముకుంటున్నాడని వీధంతా తేల్చేసింది. ఆ తీర్మానానికి నేనూ చెయ్యెత్తాను.

జనవరిలో మావకు జ్వరం తగిలింది. నన్ను పిలిచి, ఎనిమిది క్యాబేజీలు కోసి అక్కుపల్లిలో నాలుగిళ్లకు ఇచ్చి రమ్మని పేర్లు రాసిన చీటీ చేతిలో పెట్టాడు.

"దారిలో ఒకటి తగ్గినా నాకు తెలుస్తాది" అన్నాడు. నా మీద ఆయన నమ్మకం అలాంటిది.

నాలుగిళ్లలోనూ పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకునేవాళ్లే ఉన్నారు. మావ ఎంతకు అమ్ముతున్నాడో అడుగుదామని వెళ్లినవాణ్ణి, ఆ ప్రశ్న మానుకుని క్యాబేజీలు దించాను.

ఆఖరి ఇల్లు ముసలమ్మది. పేరుకే ముసలమ్మ, నలభై దాటలేదు. డాక్టరు వద్దన్న కూరలన్నీ పోగా ఆమెకు మిగిలినవి క్యాబేజీ, ముల్లంగిలాంటివి కొన్నేనట. మూడేళ్లుగా చలికాలమంతా అవి మావే తెచ్చిస్తున్నాడు. ఊరికే ఇచ్చి పోడు. తరిగి, కిడ్నీలకు పడని లవణాలు దిగిపోయేలా ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసేదాకా గుమ్మంలో నిలబడి డ్రిల్లు చేయిస్తాడట. ఎవరికైనా చెబితే మాత్రం మరి రానని బెదిరించాడట.

అంతకు ముందు నెల ఆమె అన్నం ముట్టడం మానేసి, డయాలసిస్‌కు కూడా రానని మొండికేసిందని కూతురు శ్రావణి చెప్పింది. మావ రోజూ వచ్చి తిట్టి తిట్టి, నాలుగు ముద్దలు తినిపించి వెళ్లేవాడట.

నేను బయల్దేరుతుంటే ముసలమ్మ గుమ్మందాకా వచ్చింది.

"మీ మావకో మాట సెప్పు. ఎప్పుడు సూసినా ఈ క్యాబేజీయేనేటి? తిని తిని ఇసుగొచ్చేసినాది. వచ్చే ఏడు కాలీఫ్లవర్ ఎయ్యమను."

జ్వరంతో ఉన్న మనిషికి ఈ మాట ఎలా చెప్పడమా అని దారంతా ఆలోచించాను. చివరికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. మావ దుప్పటి తోసేసి లేచి కూర్చున్నాడు.

"తిని తిని ఇసుగొచ్చిందనే అన్నాదా?"

అవునన్నాను.

"అయితే తింటన్నాదన్నమాట" అన్నాడు. ఆయన నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను. రెబెక్కా అత్తను గంజి తెమ్మని కేకేసి, కాలీఫ్లవర్ విత్తనాలు ఎక్కడ మంచివి దొరుకుతాయో రేపే పలాస వెళ్లి కనుక్కురమ్మని నన్ను పురమాయించాడు.

వచ్చే నవంబరుకు ఇంకా పది నెలలున్నాయి.