వాసన పట్టుకుని వచ్చినవి

మా ల్యాబ్ కింద హోటల్లో ఉల్లిపాయలు ఎర్రగా వేగుతుంటే ఆ వాసన మెట్లెక్కి పైకి వస్తుంది. ఎవరికైనా ఆకలి గుర్తుకు రావాలి, నాకు మాత్రం సరళ మేడమ్ గుర్తొస్తారు. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో, రియాద్‌లో నేను పనిచేసిన ఆసుపత్రిలో ఆవిడ నా పై డాక్టరు. వరంగల్ మనిషి. టీ ఇప్పించడంలో ధారాళం, మెచ్చుకోవడంలో పరమ పిసినారి. స్లైడు మీద పేరున్న చివరను ఒక చీటీతో మూసేసి గానీ మైక్రోస్కోపు కింద పెట్టేవారు కాదు. రోగి ఎవరో తెలిస్తే కన్ను జాలిపడుతుందని, జాలిపడ్డ కన్ను తప్పు చూస్తుందని ఆవిడ నమ్మకం. నాకది చాదస్తంగా తోచేది.

ఒకరోజు రొమ్ము గడ్డలోంచి తీసిన ముక్క వచ్చింది. క్యాన్సర్ అని చూడగానే తెలిసిపోయింది. దాని చుట్టూ రోగనిరోధక కణాలు జాతరలా మూగి ఉన్నాయి. "ఒళ్ళు గట్టిగానే పోరాడుతోంది మేడమ్" అన్నాను. ఆవిడ తల ఎత్తలేదు.

"ఎవలు పిలిస్తే వచ్చినయ్ అవి?"

"ఒళ్ళే కదా మేడమ్" అన్నాను.

"గడ్డనే పిలుస్తది. రసాయనాలు వదుల్తది. రక్తంల పోయే కణాలు ఆ జాడ పట్టుకుని, అది చిక్కగున్న దిక్కుకు నడుస్తయ్. వచ్చినంక కొన్ని కొట్లాడ్తయ్. కొన్ని గడ్డకే చాకిరి చేస్తయ్, దానికి కొత్త రక్తనాళాలు గూడ తెచ్చిపెడ్తయ్." అని చీటీ తీశారు. ఆ పేరు రూతుది. పాలకొల్లు నుంచి వచ్చిన నర్సు, మా హాస్టల్లోనే ఉండేది.

రూతు మొదటి రిపోర్టు చదువుకుని మా గదికి వచ్చింది. పుండులో చీము పడితే తెల్లకణాలు పనిచేస్తున్నాయని రోగులకు ధైర్యం చెప్పే మనిషి, తన రిపోర్టునూ అలాగే అర్థం చేసుకుంది. "రక్షణ కణాలు బాగా వచ్చాయంట కదండీ. అవి ఆపుతుంటే, సెలవుదాకా ఆగి ఇంటికెళ్ళి మా అక్క దగ్గర ఆపరేషన్ చేయించుకుంటానండీ" అంది. సెలవు ఇంకా చాలా నెలల దూరంలో ఉంది. నాకు భయం వేసి, మేడమ్‌కు చెప్పాను.

ఏ కణాలు ఏ రకమో తేల్చడానికి మేడమ్ ఆ ముక్కకు మరో రంగు వేయించారు. గోధుమ రంగు తేలిన కణాలే ఎక్కువ, అంటే చాకిరీ చేసే రకమే ఎక్కువ. శుక్రవారం ఆసుపత్రి బస్సులో ఆడవాళ్ళమంతా బతా బజారుకు బయల్దేరినప్పుడు ఆవిడ రూతు పక్కన కూర్చున్నారు. బిర్యానీ మెస్ ముందు బస్సు ఆగింది. జనం కిక్కిరిసి ఉన్నారు.

"వీళ్ళందరినీ ఏం పిలిచింది?" అని మేడమ్ రూతును అడిగారు.

"వాసనండీ."

"అందరూ తిననీకే వచ్చిన్రా? జేబులు కొట్టేటోళ్ళు గూడ ఉంటరు. గుంపు జూసి నిమ్మళమైతే ఎట్ల? నీ గడ్డ చుట్టున్నోళ్ళల్ల చాన మంది దాని పనోళ్ళే బిడ్డా. ఆగకు."

రూతు చాలాసేపు కిటికీలోంచి చూసింది. "వాటి తప్పేముందిలెండి. వీసా వచ్చిందని నేనూ వచ్చేశాను, ఎవరి కోసమో ఏంటో అడక్కుండా" అని నవ్వి, పైన తొడుక్కున్న నల్ల అబాయా అంచుతో కళ్ళు తుడుచుకుంది. మేడమ్ ఆమె చెయ్యి పట్టుకుని బస్సు తిరిగి హాస్టల్‌కు వచ్చేదాకా వదల్లేదు. కన్ను జాలిపడకూడదన్న ఆవిడ, చేతికి మాత్రం ఆ నియమం పెట్టుకోలేదు. ఆ వారంలోనే ఆపరేషన్ అయింది. తర్వాత చాలా కాలం మందులు, జుట్టు రాలడం, మళ్ళీ డ్యూటీ.

ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లలు స్లైడులో గుంపు చూసి సంబరపడితే, ఎవరు పిలిచారని అడుగుతాను. పేరు మూసే చీటీ కూడా నాకు అలవాటైపోయింది. మేడమ్ లాగా మెచ్చుకోవడం మాత్రం తగ్గించుకోలేకపోయాను.

పోయిన నెల రూతు పాలకొల్లు నుంచి ఫోన్ చేసింది. సరళ మేడమ్ పోయారట. ఇద్దరం కాసేపు ఏడ్చాం. పెట్టేసే ముందు అంది: "నేను ఆ సెలవుదాకా ఆగుంటే, ఈ కబురు మీకు ఇంకెవరో చెప్పేవారండీ."