సొట్ట తీసిన కారు

మా మావయ్య పని ఎంత బాగుంటే అంత కనిపించకుండా పోతుంది. కార్ల షెడ్డులో ఆయన సొట్టలు తీస్తాడు. గుద్దుకుని వచ్చిన కారు ఆయన చేతిలో పడిందంటే, దెబ్బ ఎక్కడ తగిలిందో దాని యజమానే వెతుక్కోవాలి. వెతికి, దొరక్క, సంబరంగా కారెక్కి వెళ్ళిపోతాడు. మావయ్యను మెచ్చుకోవడానికి అక్కడ ఏమీ మిగలదు. ఇన్నేళ్ళ పనితనమంతా అలా రోడ్లెక్కి వెళ్ళిపోయింది.

అందుకే బొమ్మల దుకాణంలో పాతకాలపు రేసు కారు కిట్టు కనిపించగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ప్లాస్టిక్ ముక్కలు విడదీసి, నునుపు చేసి, అతికించి, రంగేస్తే జానెడు కారవుతుంది. పెట్టెకు మూత లేదు, మూత మీది బొమ్మా లేదు. అయినా కొనేశాడు. లైబ్రరీ హాల్లో ఇలాంటి నమూనాల ప్రదర్శన ఉందట, ఆదివారం.

"ఇది నేను చేశానని నలుగురూ చూసే వస్తువు ఒక్కటైనా ఉండాలే," అన్నాడు అత్తయ్యతో. ఎప్పుడూ జోకులేసే మనిషి అంత మెల్లగా అనేసరికి అత్తయ్య ఎదురు చెప్పలేదు. ఆ ఇంట్లో అది వింతే.

భోజనాల బల్ల ఆయన వశమైపోయింది. ఉద్యోగం కోసం వాళ్ళింట్లో ఉంటున్న నేనూ, అత్తయ్యా ఒళ్ళో కంచాలు పెట్టుకుని తిన్నాం. చక్రాల ఊచలు పట్టకారుతో ఒక్కొక్కటే కూరుస్తూ ఆయన ఊపిరి బిగబట్టేవాడు. ఆ సమయంలో ఎవరైనా తుమ్మారో, అయిపోయారే!

రంగు వేసేముందు ఒక ఘనకార్యం కూడా చేశాడు. కారుకి ఎడమ పక్క, డ్రైవరు మోచేయి ఉండేచోట చిన్న సొట్ట ఉంది. "చూశావా, అచ్చు పోయడం కూడా చేతకాలేదు వీళ్ళకి!" అని కంపెనీని తిట్టిపోసి, బంపర్లకు చేసినట్టే వేడినీళ్ళు పోసి, లోపలినుంచి బొటనవేలితో నొక్కి సాపు చేసేశాడు. ఆ రోజంతా ఈల వేస్తూనే ఉన్నాడు. తర్వాత ఎర్ర రంగు పల్చగా, పొర మీద పొర వేశాడు.

శనివారం సాయంత్రం అద్దాల పెట్టె కొనడానికి కారును దుకాణానికి పట్టుకెళ్ళాం. దుకాణదారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పని అదిరిపోయిందండీ. కానీ సొట్టేదీ?"

"తీసేశాను," అన్నాడు మావయ్య గొప్పగా.

దుకాణదారు నెత్తిన చెయ్యి పెట్టుకుని గోడ మీది ఫొటో చూపించాడు. ఆఖరి చుట్టులో ఇంకో కారు గుద్దినా ఆగకుండా వెళ్ళి గెలిచిన కారట అది. ఆ సొట్టే దానికి గుర్తు. ప్రదర్శనకు వచ్చేవాళ్ళు ముందు దానికోసమే చూస్తారట.

ఇంటికొచ్చి మావయ్య చెంచా వేడి చేసుకుని కూర్చున్నాడు. కూర్చున్నాడంతే. చెయ్యి ముందుకు రాదు.

"తియ్యమంటే తీస్తాను గానీ, సొట్ట పెట్టడం నా వల్ల కాదే. రేపు వెళ్ళను, పో." ఆయన మొహం చూసి నాకు ఏడుపొచ్చింది.

అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఇటివ్వండి. మన కారుకి ముందొకటీ వెనకొకటీ పెట్టిందెవరు? నేను కాదూ?"

"ఏమే, మెల్లగా..."

చెంచా వెనకవైపు ఆనించి ఒక్క నొక్కు నొక్కింది. మావయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తెరిచేసరికి సొట్ట పడింది. అంచున రంగు సన్నగా చిట్లింది కూడా, అచ్చం ఫొటోలో ఉన్నట్టే. మావయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. మేమూ నవ్వాం.

మర్నాడు హాల్లో ఒక పెద్దాయన భూతద్దంతో ఊచలు చూశాడు, రంగు చూశాడు, సొట్ట దగ్గర ఆగిపోయాడు. చుట్టూ ఇంకొంతమంది మూగారు.

"ఎవరండీ చేసింది?" అని అడిగాడాయన.

ఈ మాట కోసం మావయ్య ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తున్నాడో మాకు తెలుసు. అత్తయ్య ఆయన్ని ముందుకు తోసింది. ఆయన గొంతు సవరించుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుని తన పక్కకు లాక్కున్నాడు.

"కారు నాదండీ. సొట్ట మా ఆవిడది."