పాతర తెరిచిన చెయ్యి

1961, వైశాఖం: మా విత్తనపు అల్లం పాతర తెరిచిన మా అక్క కుడిచేతి బొటనవేలి గోరు పచ్చబడింది. దవాఖానలో దానిని గోరుచుట్టు అన్నారు. చీమును పరీక్షకు పంపలేదు.

1961, జ్యేష్ఠం: ఆమె చేతి వల్లనే విత్తనం కుళ్ళిందని ఊరు తీర్పు చెప్పింది. ఆమెను ఒక్క మాట అడగలేదు.

1961, ఆషాఢం: వేలు సగానికి తీసివేశారు.

1961, శ్రావణం: నా అర్జీకి వ్యవసాయ కార్యాలయం వారు, మనుషుల జబ్బులు తమ పరిధి కాదన్నారు. దవాఖాన వారు, పంటల జబ్బులు తమకు తెలియవన్నారు. రెండూ నోటిమాటలే.

1962 మొదలు ఈ సంవత్సరం వరకు, ప్రతి వైశాఖం: ఏ పాతర దగ్గరికీ ఆమెను పిలవలేదు.

1967, భాద్రపదం: సంగతి తెలిసిన ఒక అధికారి దానిని కాగితం మీద పెట్టడానికి నిరాకరించాడు.

ఇవన్నీ జరిగిన రోజుల్లోనే రాసుకున్నాను. పూర్వపు ప్రభుత్వంలో కచ్చేరీలో నకళ్ళు రాసేవాడిని. అప్పుడు ఉర్దూలో రాశాను, ఇప్పుడు తెలుగులో రాస్తున్నాను. ఆ కార్యాలయం పేరు, ఆ దవాఖాన పేరు ఇక్కడ పెట్టడం లేదు. నాకు కావలసినది ఒకరి పరువు తీయడం కాదు.

మాది జహీరాబాదుకూ మొగుడంపల్లికీ నడుమ ఎర్రనేల. అల్లం తవ్విన తరువాత మంచి కొమ్ములను విత్తనానికి ఏరి, నేలలో పాతర తీసి, ఆకులు పరిచి దాస్తాము. పైన చెక్కలు వేసి మట్టీ పేడా కలిపి మెత్తుతాము. గాలి ఆడటానికి ఒక రంధ్రం విడుస్తాము. రోహిణి కార్తెకు ముందు తెరుస్తాము. చేతివాసి ఉన్న ఒక ముత్తైదువ చేత ఊరి పాతరలన్నీ వరుసగా తెరిపించడం మా ఊరి ఆనవాయితీ. ఆమె కుడిచేతికి పసుపు పూసి, మణికట్టు మీద కుంకుమ పెడతారు. మొదటి కొమ్ము ఆమే ఎత్తాలి. బొటనవేలి గోరు గుచ్చి గట్టిదో మెత్తదో ఆమే చెప్పాలి. ఆఖరి పాతర తెరిచేదాకా ఆ చేతికి నీళ్ళు తగలకూడదు. కడిగితే చేతివాసి కొట్టుకుపోతుందని నమ్మకం. గుడ్డతో తుడుచుకోవచ్చు, అంతే.

మా పెళ్ళికి ముందు నుంచీ ఆ చెయ్యి మా అక్కదే. మా వెనుక ఇంట్లోనే ఆమె కాపురం. పాతరలు తెరిచే ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో తినేది. కుడిచేతితో ముద్ద కలపకూడదు గనుక నా భార్య తినిపించేది. ఊళ్ళో ఆడవాళ్ళు పని మానుకొని చూడటానికి వచ్చేవారు.

"జర నోరు తెరువు వదినె," అనేది నా భార్య, జొన్నరొట్టె తునక పప్పులో ముంచి. "ఇంత పెద్దమనిషివి, చంటిపిల్ల లెక్క తినిపియ్యవడ్తి."

"నీకు అత్త లేని కొరత తీరుస్తున్న పిల్లా. కారం తక్కువెయ్యి, నీళ్ళు గూడ నువ్వే తాగిపియ్యాలె."

"తాగిపిస్త. ముక్కు దురద పెడితే మాత్రం మీ తమ్ముణ్ణి పిలువు."

ఆ సంవత్సరం కూడా నవ్వుకుంటూనే తిన్నారు. అంతకు ముందు రోజే కంప కొడుతుండగా అక్క బొటనవేలి గోరు మొదట్లో తుమ్మముల్లు దిగింది. ముల్లు తీసి పసుపు అద్దారు. ఎవరూ దానిని లెక్కలోకి తీసుకోలేదు.

మా పాతరే మొదటిది. చెక్క ఎత్తగానే పులిసిన వాసన కొట్టింది. అక్క ఇంకా చెయ్యి పెట్టలేదు. ఈ సంగతిని నేను ప్రత్యేకంగా రాసుకున్నాను, ఎందుకంటే నేను పాతర అంచున నిలబడి ఉన్నాను. ఆమె మొదటి కొమ్ము ఎత్తి గోరు గుచ్చింది. గోరు మొదలంటా దిగబడి, బూడిదరంగు నీరు కారింది.

"తమ్మీ, పై వరుస పోయింది," అన్నది. "అడుగుది మంచిగుంటదేమో, ఏరుత."

సాయంత్రం దాకా కొమ్ము కొమ్ముకూ గోరు గుచ్చి ఏరింది. ఆ జిగట గోటికిందా ముల్లు దిగిన గాయంలోనూ నిండింది. గుడ్డతో తుడుచుకున్నది. మరునాడు అదే చేత్తో పక్కచేను ఆసామి పాతర తెరిచింది. అది బాగున్నది. ఆమె మొదటి కొమ్ము ఎత్తింది, గోరు గుచ్చింది, మెచ్చుకున్నది. తరువాత మరికొన్ని పాతరలు తెరిచింది.

వారం తిరగకముందే గోరు, రాగిచెంబుకు చిలుము పట్టినట్టు పచ్చబడింది. ఇంట్లో గోరుచుట్టు అనుకొని నిమ్మకాయ తొడిగారు. నొప్పి మణికట్టుకు ఎక్కింది. కట్టు గుడ్డకు నీలిపచ్చ చీము మరక పట్టేది. ఉతికినా పోయేది కాదు. అతిగా మగ్గిన పండు వాసన వచ్చేది.

దవాఖానలో డాక్టరు ఆ గుడ్డ చూశాడు. "గోరుచుట్టే అమ్మా, ఫికర్ చెయ్యకు. సూదులు వేస్తా," అన్నాడు.

"సారూ, కుళ్ళిన అల్లం ఏరినంక అయింది," అన్నాను.

"అల్లం తింటే అరుగుదలకు మంచిది పెద్దమనిషీ. వేలికేం చేస్తది?" అని నవ్వాడు. సూదులు వేశారు. అవి పనిచేయలేదు. చివరకు వేలిని కణుపు దగ్గర తీసివేశారు.

ఈ లోగా పక్కచేను ఆసామి నాటడానికి కొట్టంలో కుప్ప పోసిన అల్లం కూడా నీరుకారింది. అతడు మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అక్క చేతికి కీడు పట్టింది. ఆ చేత్తోనే మా పాతర తెరిసింది."

"మా పాతర ముందే కుళ్ళింది. ఆమె చెయ్యి పెట్టకముందే వాసనొచ్చింది. నేనున్న," అన్నాను.

"నీ అక్కనాయె, నువ్వు ఇంకేం జెప్తవ్? నీ పాతర కుళ్ళె, ఆమె వేలు కుళ్ళె, నా అల్లం కుళ్ళె. నడుమల ఉన్నదెవరు?"

లోపలి నుంచి అక్క అంతా విన్నది. బయటికి రాలేదు. అంతకు ముందు అదే ఆసామి ఆమెను పిలవడానికి తాంబూలం పట్టుకొని వచ్చేవాడు.

నేను కుళ్ళిన కొమ్ములను గాజుసీసాలో వేసి, మూత బిగించి, అర్జీతో పాటు వ్యవసాయ కార్యాలయానికి తీసుకుపోయాను. నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ పంటను కుళ్ళబెట్టినది మనిషి పుండులో కూడా బతకగలదా? అక్కడి అధికారి కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు. "మా శాఖ మొక్కల వరకేనండీ. మనిషి సంగతి దవాఖానలో అడగండి," అన్నాడు. సీసాను కిటికీలో పెట్టించాడు. రెండోసారి పోయేసరికి సీసా లేదు. వాసన వస్తున్నదని జవాను పారవేశాడట. దవాఖానలో అడిగితే, "మొక్కల సంగతి ఆ ఆఫీసుల అడుగు," అన్నారు. ఒకే నేల మీద పంటా పెరుగుతుంది, మనిషీ నడుస్తాడు. రెంటి నడుమ గోడ కట్టినది ప్రభుత్వమే గాని ప్రకృతి కాదు.

మరుసటి వైశాఖం నుంచి పాతరలు తెరిచే పని పక్కచేను ఆసామి కోడలికి వచ్చింది. మా పాతరనైనా అక్క చేత తెరిపిద్దామనుకుంటే, నాటే కూలీలు ఆ విత్తనం ముట్టబోమన్నారు. పసుపు గిన్నెలు వీధిలో పోతుంటే ఆమె తలుపు దగ్గరగా వేసుకునేది.

1967లో కొత్తగా వచ్చిన వ్యవసాయాధికారి నా మాట పూర్తిగా విన్న మొదటివాడు. "మీరు అడిగింది తప్పు కాదండీ. మొక్కలోనూ మనిషిలోనూ బతకగల సూక్ష్మజీవులు ఉన్నాయి. నేలలో, నీళ్ళలో, కూరగాయల్లో ఉంటాయి. పుండు దొరికితే లోపలికి పోతాయి," అన్నాడు.

"ఈ మాట రాసియ్యిండ్రి సారూ."

"మీ అక్కగారి చీమును ఎవరూ పరీక్షించలేదు. ఆ అల్లాన్నీ పరీక్షించలేదు. ఏమని రాయమంటారు?"

అది న్యాయమైన మాటే. కాని పరీక్షించకపోవడం మా అపరాధం కాదు. అక్క సంగతి వదిలి, అట్లాంటివి ఉంటాయని మాత్రం రాయమన్నాను. పైవారిని అడగాలన్నాడు. ఆ తరువాత బదిలీ అయి వెళ్ళిపోయాడు.

ఆ అధికారితో మాట్లాడిన సాయంత్రమే ఇంటికి వచ్చి అక్కకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె మిగిలిన వేళ్ళతో చిక్కుడుకాయలు తుంపుతున్నది. దాచడం నాకు చేతకాదు గనుక రెండో సగం కూడా చెప్పాను.

"అక్కా, వాళ్ళు రాసిస్తే ఒకటున్నది. కుళ్ళు పాతర నుంచి నీ వేలికొచ్చిందని రాస్తరు. నీ వేలి నుంచి పక్కోళ్ళ అల్లంకు పోయిందని గూడ రాయొచ్చు."

ఆమె చేతిలో కాయను తుంపి గిన్నెలో వేసింది. "పోయిందేమో. కడుక్కోనిస్తే పోకపోతుండె గద."

గిన్నె పక్కకు జరిపి నా వైపు తిరిగింది.

"రాసియ్యమను తమ్మీ. నా చెయ్యి మంచిదని రాసియ్యాలని నాకేం లేదు. ఇప్పుడు నా జాగల తెరుస్తున్న ఆ పోరి గూడ కడుక్కుంటలేదు. నేను జెప్తే ఎవరింటరు? ముద్ర గొట్టిన కాగితమైతే ఇంటరు. దాని వేలన్న ఉండనీ."

ఇది 1969. ఈ వైశాఖంలో కూడా ఆ పిల్ల చేతికి పసుపు పూశారు. నీళ్ళు తగలనివ్వలేదు. కొడవలి గాటుకు కట్టిన గుడ్డ మీదనే పూశారు. అది నేను చూశాను. అట్లా పూయడం మానమని నేను చెప్పిన మాటకు, "నీ అక్క పని పోయిందని నీకు కడుపుమంట," అన్నారు.

కాబట్టి పంటల బాధ్యత మోస్తున్న శాఖ వారిని, మనుషుల ఆరోగ్య బాధ్యత మోస్తున్న శాఖ వారిని ఇందుమూలముగా కోరుతున్నాను. అల్లాన్ని గాని, మరే కూరపంటను గాని పట్టే సూక్ష్మజీవి గాయం ద్వారా మనిషిని పట్టగలదా, లేదా? పట్టగలిగితే, ఆ మనిషి చేతి నుంచి అది మరొక పంటకు చేరగలదా, లేదా? పాతర పాతరకూ నడుమ చెయ్యి కడుక్కోవడం అవసరమా, కాదా? ఈ మూడింటికీ ఇరుశాఖల వారు కలిసి, ఒకరి మీద ఒకరు నెట్టుకోకుండా, తెలుగులో, సంతకమూ ముద్రా సహితంగా, రాబోయే వైశాఖంలో పాతరలు తెరవకముందే లిఖితపూర్వకమైన సమాధానం ఇవ్వవలెను. సమాధానం మాకు ప్రతికూలమైనా ఆక్షేపణ లేదు. తెలియనిదైతే తెలియదని రాయవలెను. నోటిమాటను సమాధానంగా స్వీకరించను.