సంగు తగ్గాల్సిన ఎనిమిది కిలోలు

రోజూ తెల్లవారగానే పిల్సూన్ పెరట్లోకి వెళ్ళి, ఆరు పెట్టల్నీ పేరుపేరునా పలకరించి, గుడ్లు ఏరుకున్నాకే కొరియా రేవుపట్నం గున్సాన్ బజారులో తన ఎండుచేపల దుకాణం తెరిచేది. అరవై ఏళ్ళు వచ్చేసరికి పెరటి మెట్లు దిగడానికే ఆయాసం వచ్చేది. హెపటైటిస్-బి ఏళ్ళ తరబడి ఆమె కాలేయాన్ని తినేసింది. కొత్త కాలేయం కావాలి. కూతురు సోల్హ్వా తన కాలేయంలో ముక్క ఇద్దామంటే ఆమెకూ అదే జబ్బు, తల్లి నుంచే వచ్చింది. చివరికి అల్లుడు సంగు కాలేయం సరిపోయింది.

అయితే సంగు తొంభై నాలుగు కిలోల మనిషి. కాలేయానికి కొవ్వు పట్టింది, అది కరిగితే గాని ఇవ్వడానికి పనికిరాదు.

"ఆరు వారాల్లో ఎనిమిది కిలోలు తగ్గాలి," అన్నాడు డాక్టర్ నమ్. "చూడండమ్మా, ఇవాళ మీరు నడిచొచ్చారు. నడవగలిగినప్పుడే ఆపరేషన్ అయిపోవాలి. మంచం పట్టాక చేస్తే, కాలేయం అదే అయినా, చేసేది నేనే అయినా, ఇంత బాగా కోలుకోరు."

సోల్హ్వా మొగుడికి ఉడికించిన గుడ్లు, చిలగడదుంపలు కొలిచి పెట్టింది. సంగు సాయంత్రాలు రేవు వెంట రెండేసి గంటలు నడిచేవాడు. అత్తగారిల్లు ఆ దారిలోనే ఉంది.

అల్లుడు గడప తొక్కితే గుడ్లు పెట్టే పెట్టనైనా సరే కోసి వండాలి. అందులోనూ తన ఒళ్ళు కోయించుకుంటానన్న అల్లుడు! పిల్సూన్ కోడి కడుపులో బియ్యం, వెల్లుల్లి కూరి ఉడికించింది.

"వద్దత్తయ్యా, సోల్హ్వాకి తెలిస్తే చంపేస్తుంది."

"దానికెవరు చెప్తారు? ఏమయిపోయావో చూసుకున్నావా బాబూ! నా దుకాణంలో వేలాడదీస్తే ఎండుచేపనుకుని కొనుక్కుపోతారు."

"అయితే ఒక్క ముక్క."

"ఆ మాట నీ పొట్టతో చెప్పు."

పెద్దావిడ మాట తీసెయ్యలేక తిన్నాడు. వారానికొకటి చొప్పున ఆరు పెట్టలూ అయిపోయాయి.

ఆరో వారం స్కాన్ తీశారు. సంగు తగ్గింది కిలోన్నర. ఆపరేషన్ వాయిదా పడింది.

"ఏం తింటున్నారు మీరు?" అని డాక్టర్ సంగుని అడిగాడు.

"నేను పెట్టిందేనండీ," అంది సోల్హ్వా.

"కాదు. నేనూ పెట్టాను. కోళ్ళు," అంది పిల్సూన్.

"అమ్మా! నేనిక్కడ మనిషిని ఎండబెడుతుంటే, నువ్వక్కడ మేపుతున్నావా?"

"ఏమీ పెట్టకుండా ఎలా పంపనే?"

డాక్టర్ కోప్పడలేదు. మరో ఐదు వారాలు గడువిచ్చాడు.

సంగు నడిచే దారి మార్చుకున్నాడు. ఈసారి నిజంగానే తగ్గాడు. కానీ నాలుగో వారంలో పిల్సూన్ పొట్టలో నీరు చేరింది. ఒకరోజు కూతుర్ని చూసి, "ఎవరమ్మా నువ్వు?" అంది. మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నాయి. ఆమెను ఐసీయూ నుంచి మంచం మీదే ఆపరేషన్ గదికి తీసుకెళ్ళారు.

సంగు పదో రోజున ఇంటికి వెళ్ళాడు. అతనిచ్చిన కాలేయం మొదటి రోజు నుంచే పనిచేసింది. ఆమె మూత్రపిండాలు మాత్రం కోలుకోలేదు. మూడు వారాల్లో ఇంటికి రావాల్సిన పిల్సూన్ డెబ్భై రోజులు ఆసుపత్రిలోనే ఉండిపోయింది.

ఇప్పుడామెకు అరవై నాలుగేళ్ళు. వారంలో మూడు రోజులు డయాలిసిస్‌కి వెళ్తుంది, మిగతా నాలుగు రోజులు దుకాణం తెరుస్తుంది.