కోతుల మీదికి ఆలుగడ్డలు

మొన్న ఎల్లారెడ్డి నుంచి బస్సులో వస్తుంటే, లింగంపేట దగ్గర ఒక మక్కచేను నడుమ ఎవరో గొంతు చించుకుని "హోయ్, హోయ్" అంటున్నట్టు వినిపించి తొంగి చూశాను. మనిషి కాదు, కర్రకు కట్టిన మైకు పెట్టె, దాని పక్కనే ఒక కోతి నిమ్మళంగా కంకి ఒలుచుకుంటోంది. నవ్వొచ్చింది. ఆ వెంటనే మా బావ మొహం గుర్తొచ్చింది.

తెలంగాణ ఇంకా రాని రోజులు. బడి ఏడులోనే మానేసి కామారెడ్డిలో బోరుమోటార్లు బిగించే పనిలో తిరిగే నాకు, మిగిలిన పైపుముక్క కనిపిస్తే చేతులు ఊరుకునేవి కావు. మా అక్క మొగుడి చేనుకు కోతుల బాధ ఎక్కువైతే, ఇద్దరం కలిసి పైపుతో తుపాకీలాంటిది చేసి, దాని మూతిలో ఆలుగడ్డ కుక్కి పేల్చేవాళ్లం. లోపల ఏం నింపేవాళ్లమో మాత్రం చెప్పను, మీ ఇళ్లల్లోనూ మనవలుంటారు. మొదటిరోజు చప్పుడుకు కోతులన్నీ గుట్టెక్కితే మీసాలు దువ్వుకున్నాం; మర్నాడు అవే దిగివచ్చి, పెళ్లిభోజనాల బంతిలో కూర్చున్నట్టు వరుసగా కూర్చుని, ఆలుగడ్డ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాయి. చేను కాపాడటానికి దొంగలకు కూర పంపిన ఘనులం మేమే.

పైపు దగ్గరికి ఎవరు పోయినా రెండోవాడు "పేలుతది" అని అరిచి గంతులేయించడం మా ఇద్దరికీ ఆట. ఒకరోజు అది ఎంతకీ పేలలేదు. చూసి చూసి విసిగిన బావ, ఆలుగడ్డ ఇరుక్కుందేమోనని పైపు మూతి మీదికి వంగాడు. వెనక నిలబడ్డ నాకు లోపల సన్నగా సుయ్యిమనడం వినిపించింది.

"బావా, జరుగు! పేలుతది!"

"నీ కథలు నాకెర్క లేదారా?"

"అవ్వ తోడు, నిజం బావా!"

"నిన్న గూడ అవ్వ తోడే అన్నవ్," అని నవ్వుతూ కన్ను ఇంకా దగ్గర పెట్టాడు.

నేను ఉన్నచోటే ఉండిపోయాను, ఇక గుడ్డివాడైన బావను చేయి పట్టుకుని ఇంటికి తీసుకుపోతే అక్కకు ఏం చెప్పాలో కూడా ఆ క్షణంలోనే ఆలోచించాను. గట్టు మీద బీడీలు చుడుతున్న మా అవ్వకు, అంటే మా అమ్మకు, మా మాటలు వినపడలేదు, నా మొహం మాత్రం కనపడింది. ఒళ్లోని చాట విసిరేసి, ఆకులు చెల్లాచెదురవుతుంటే పరుగెత్తుకొచ్చి, బావ మెడలోని తువ్వాల పట్టుకుని వెనక్కి గుంజింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. ఢామ్మని, బావ మొహం ఉన్న చోటునుంచే ఆలుగడ్డ దూసుకుపోయింది.

బావ చాలాసేపు రెండు కళ్లూ తడుముకుంటూ కూర్చున్నాడు.

"మీకన్న కోతులే నయం," అంది అవ్వ రొప్పుతూ, "సప్పుడైతె జరుగుతయి."

ఆ పైపును ఆమే గొడ్డలితో నరికింది. తర్వాత మంచె ఎక్కి వంతులవారీగా మేమే అరిచాం. నేను అరిచినప్పుడల్లా బావ తిరిగి నా మొహం చూసేవాడు. ఇప్పుడు పెట్టెలు అరుస్తున్నాయి, పొద్దస్తమానం ఒకే అరుపు, కోతులు కూడా నమ్మడం మానేశాయి. అరిచేవాడి మొహం చూసి చాట విసిరేసి పరుగెత్తుకొచ్చే మనిషి మాత్రం ఏ చేను గట్టు మీదా కనిపించలేదు, కామారెడ్డి వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.