ఆమెన్ అన్నాకే గుంజాలి

మా చర్చిలో పాస్టరు గారు ఒక మంచి మాట అనగానే ముందు బల్ల నుంచి వెనక బల్ల దాకా "ఆమెన్!" అని అందుకోవడం అలవాటు. యూలా అక్క మాత్రం ఏనాడూ పైకి అనేది కాదు. పెదవులు కదిలేవి, అంతే. "ఏం అక్కా, నోట్లో ముత్యాలేమైనా దాచుకున్నావా?" అని ఎవరైనా ఆటపట్టిస్తే, "దేవుడికి చెవుడని ఎవరు చెప్పారు మీకు?" అనేది నవ్వుతూ.

అది మేజోళ్ళ మిల్లులో వచ్చిన అలవాటు. ఆ యంత్రాల రొదలో అరిచినా పక్క మనిషికి వినపడదు, అందుకే అక్కడ అందరూ పెదవుల కదలికతోనే మాట్లాడుకునేవారు. కండె మీద నుంచి వచ్చే దారాన్ని చూపుడువేలి కొస మీదుగా పోనివ్వడం ఆమె పని. దారంలో ముడి ఉంటే వేలికి తగులుతుంది. అది సూది దాకా వెళ్ళకముందే యంత్రం ఆపాలి. మిల్లు మూతపడేదాకా అదే పని చేసింది. మా ఊళ్ళో సగం మంది కాళ్ళకు ఆ వేలి చలవే.

ఆమె భర్త ఓడెల్ టిడ్‌వెల్ కౌంటీ రోడ్ల మీద కంకర బండి తోలి రిటైరయ్యాడు. శనివారం వస్తే సరస్సు మీదే. ఆయన పట్టేది బాస్ చేపలు, అదీ రబ్బరు వానపాము ఎరతోనే. పట్టినదాన్ని ఒకసారి కళ్ళారా చూసి, "పోయిరా తల్లీ" అని నీళ్ళలో వదిలేసేవాడు. యూలా అక్క ఎప్పుడూ పడవ ఎక్కలేదు. "వారానికి ఒక్కరోజైనా నా వంటిల్లు నాకు దక్కొద్దూ?" అనేది. ఆ ఒక్కరోజూ మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు మొక్కజొన్న రొట్టె చేసి పంపడానికే సరిపోయేది.

రబ్బరు వానపాముతో చేపను పట్టడం చూసినంత తేలిక కాదు. గాలపు ముల్లు మొనను వానపాము ఒంట్లోనే దాచిపెడతారు, నాచులో చిక్కుకోకుండా. దాన్ని అడుగున మెల్లగా ఈడుస్తుంటే చేప వచ్చి నోట కరుచుకుంటుంది. ఆ కబురు గాలపు తాడు వెంట చిన్న తట్టులా చేతికి అందుతుంది. అందగానే గుంజకూడదు. ముందు గాలపు కర్ర కొస దించి, తాడు వదులంతా చుట్టి, అప్పుడు రెండు చేతులతో కర్రను విసురుగా పైకి ఎత్తి కొట్టాలి. మొన వానపామును చీల్చుకుని చేప పెదవిలో దిగాలంటే అంత బలం కావాలి. తొందరపడితే వానపాము ఒక్కటే తిరిగొస్తుంది. ఆలస్యమైతే చేప మింగేస్తుంది. ముల్లు కడుపులో దిగితే ఇక బతకదు.

ఓడెల్ అన్నకు షుగరు ముదిరి, పోయిన చలికాలానికి వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. చేతుల్లో బలం అలాగే ఉంది, స్పర్శ మాత్రం లేదు. వానపామును ముల్లుకు గుచ్చుకోలేకపోయేవాడు. ఎరల కొట్టు రాయిస్ ప్రతి శుక్రవారం కొన్ని గుచ్చి, ఒక రేకు డబ్బా అంచున వరసగా వేలాడదీసి తెచ్చిచ్చేవాడు. "నావి మిగిలిపోయాయి, పారేయబోయాను. కావాలంటే ఉంచుకో," అనేవాడు. అవి మిగిలినవి కావని ఓడెల్ అన్నకు తెలుసు. తెలుసని రాయిస్‌కూ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తేవారు కాదు. పడవ మోటారు నడపడం, ముల్లును తాడుకు కట్టడం నా పని.

వసంతంలో ఒక శనివారం ఆయనకు తట్టు తెలియనే లేదు. తాడు పక్కకు పరుగెత్తడం చూసి గుంజేసరికి ఆలస్యమైపోయింది. పెద్ద ఆడచేప, కడుపునిండా గుడ్లు. ముల్లు లోపల దిగిపోయింది. ఆయన దాన్ని నీళ్ళలో పట్టుకుని ముందుకూ వెనక్కీ ఆడించాడు, ఊపిరి అందుతుందేమోనని. అది వెల్లకిలా తేలింది.

"చచ్చినవి నా వేళ్ళు. నా బదులు ఇదెందుకు చావాలి?" అన్నాడు. గాలం చుట్టేసి పడవ ఒడ్డుకు తిప్పమన్నాడు.

ఆ వారమే రాయిస్ కొట్టుకు వెళ్ళి, "వచ్చే శనివారం సాయంత్రం వచ్చి నా కర్రలన్నీ పట్టుకుపో. ఎవరైనా నేర్చుకునేవాళ్ళకియ్యి," అని చెప్పి వచ్చాడు. ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడని, చల్ల టీ గ్లాసులో మంచుముక్కలు కరిగి నీళ్ళైనా ముట్టలేదని యూలా అక్క నాతో అంది. "మనిషిని ఇంట్లో ఉండమని దేవుణ్ణి నేనే అడిగాను తమ్ముడూ, ఒకప్పుడు. ఇలా మాత్రం కాదు."

శనివారం పొద్దున నేను వెళ్ళేసరికి ఆమె టోపీ పెట్టుకుని, ఉడికించిన వేరుశనక్కాయల సంచీతో పడవ దగ్గర నిలబడి ఉంది.

"ఎక్కడికీ?" అన్నాడు ఓడెల్ అన్న.

"నీ కర్రలు పోయేముందు ఒక్కసారి నేనూ చూడొద్దూ, ఇన్నేళ్ళూ నా సవతి ఎలా ఉందో?"

ఆయన చెయ్యందించి పడవ ఎక్కించాడు.

తూనీగలు ఎగిరే ఒక నాచు గుంపు పక్కన పడవ ఆపాను. ఆయన వానపామును విసిరాడు. యూలా అక్క జరిగి ఆయన పక్కనే కూర్చుని, రీలుకు ముందు తాడును చూపుడువేలి మీదకు తీసుకుంది.

"ఏం చేస్తున్నావే?"

"నా పని. నువ్వు నీ పని చూసుకో."

కాసేపటికి ఆమె ఎగిరిపడింది. "ఉంది! ఉంది! లాగు!"

ఆయన ఒక్క ఊపున ఎత్తి కొట్టాడు. వానపాము నీళ్ళలోంచి లేచి, ఆయన టోపీని పడగొట్టుకుని నా ఒళ్ళో వచ్చి పడింది. తోక సగం లేదు.

"చిట్టి చేపలే అవి, తోక కొరుకుతాయి," అన్నాడు ఆయన టోపీ దులుపుకుంటూ. "టకటకమంటే అవి. బాస్ అయితే ఒక్కటే తట్టు, ఆ తర్వాత బరువు."

"మరి ముందే చెప్పొచ్చుగా? ముడి వేరు, అవతల ఎవరో దారం పట్టుకోవడం వేరు. అర్థమైంది."

రెండోసారి నిజంగానే బాస్. "ఇప్పుడు!" అంది కానీ తాడు వదలడం మరిచిపోయింది. ఆయన గుంజిన గుంజుకు తాడు ఆమె వేలిని కోసేసింది. "అబ్బా!" అన్న చిన్న కేక విని ఆయన చేప తాడున ఉండగానే కర్రను పడవలో పడేసి, ఆ మొద్దు చేతుల్లోకి ఆమె చెయ్యి తీసుకున్నాడు. తాడు వదులై చేప ఎప్పుడో పోయింది. ఆయన రుమాలు చుట్టబోతే ముడి పడడం లేదు. వేళ్ళకు గుడ్డ ఎక్కడుందో తెలియడం లేదు. పళ్ళతో లాగి కట్టాడు.

"చాలు యూలా. ఇంటికి పోదాం. నీ వేళ్ళు కూడా పాడుచేసుకుంటావా?"

"మిల్లులో సూదులు ఇంతకంటే లోతుగా దిగేవి. ఇంకో చెయ్యి ఉంది, ఏమీ కాలేదు." ఆమె అటు జరిగి ఎడమ చేతి వేలు చాపింది. "తప్పు నాది. ముందు వదిలేయాలి, తర్వాత నీకు చెప్పాలి. ఒక పని చేద్దాం. నేను తాడు వదిలేశాకే ఆమెన్ అంటాను. ఆమెన్ అంటే నా చేతిలో ఇక ఏమీ లేదన్నమాట. అది వినేదాకా నువ్వు కదలకు."

"నువ్వా? ఆమెన్ అంటావా? పైకి?"

"నీ కోసం అంటాలే. వెయ్యి."

ఆయన వేశాడు. నేను వేరుశనక్కాయ నమలడం కూడా ఆపేశాను. ఆమె కళ్ళు మూసుకుంది. వేలి మీద తాడు పాకుతోంది, ఆగుతోంది, మళ్ళీ పాకుతోంది. ఆమె కనుబొమలు కాస్త దగ్గరయ్యాయి. వేలిని తాడు కిందనుంచి మెల్లగా, నిద్రపోయిన పసిబిడ్డ తల కిందనుంచి చెయ్యి తీసినట్టు తీసింది.

"ఆమెన్!"

సరస్సు అవతలి ఒడ్డుకు వినపడింది. ఓడెల్ అన్న కర్ర కొసను దించాడు, వదులు చుట్టాడు, రెండు చేతులా ఎత్తి కొట్టాడు. కర్ర విల్లులా వంగింది. చేప ఒకసారి గాల్లోకి లేచి తల విదిలించింది. ముల్లు దాని పెదవి మూలన ఉంది, ఎంత కావాలో అంతే దిగి.

నేను ముల్లు తీసి చేపను ఆయన చేతుల్లో పెట్టాను. ఆయన దాన్ని యూలా అక్క వైపు చాపాడు. "ఎలా ఉంది సవతి?"

"నాకంటే నోరు పెద్దది," అంది ఆమె, ఏడుస్తూ నవ్వుతూ. "పోయిరా తల్లీ." ఇద్దరూ కలిసి వదిలారు. అది తోక కొట్టి ఇద్దరి మీదా నీళ్ళు చల్లి పోయింది.

సాయంత్రం రాయిస్ బండి వేసుకుని వచ్చాడు. వరండాలో ఓడెల్ అన్న కర్రలు తుడుస్తున్నాడు, ఆమె పక్కన కూర్చుని వేలికి మందు రాసుకుంటోంది. రాయిస్ వేలును చూశాడు, కర్రలను చూశాడు. "ఇటుగా పోతూ ఆగాను. మొన్న కొన్ని మిగిలాయి," అని బండిలోంచి రేకు డబ్బా తీసి మెట్టు మీద పెట్టాడు. చుట్టూ వానపాములు వేలాడుతున్నాయి. యూలా అక్క లోపలికి వెళ్ళి రాయిస్‌కు రొట్టె కట్టి తెచ్చింది.

అలా ఎండాకాలమంతా ఇద్దరూ పడవలోనే. శనివారం సరస్సు వైపు నుంచి ఆమెన్ వినపడితే, "టిడ్‌వెల్ వాళ్ళకు ఒకటి పడింది," అనుకునేవాళ్ళు ఒడ్డు మీది జనం. రొట్టెల పని శుక్రవారానికి మారింది.

కోతల పండుగ ఆదివారం పాస్టరు గారు ప్రార్థన చేస్తూ, పొలాలకూ వానకూ రోగులకూ చేతులు తడబడేవాళ్ళకూ తోడుగా ఉండమని దేవుణ్ణి వేడుకున్నారు. చేతులు తడబడేవాళ్ళు అన్నచోట, మూడో బల్ల నుంచి "ఆమెన్!" అని గట్టిగా వినిపించింది. యూలా అక్కే. పక్కన తల వంచుకుని ఉన్న ఓడెల్ అన్న ముందుకు వంగి, లేని తాడును గబగబా గాల్లో చుట్టి, రెండు చేతులూ ఆకాశానికి విసిరాడు. చేతిలోని పాటల పుస్తకం ఎగిరి వెనక బల్లలో రాయిస్ ఒళ్ళో పడింది.

"పడిందా అన్నా?" అన్నాడు రాయిస్.

చర్చి అంతా ఘొల్లుమంది, పాస్టరు గారితో సహా. ఓడెల్ అన్న చెవులదాకా ఎర్రబడి చేతులు దించాడు. యూలా అక్క తన వేలిని ఆయన వేళ్ళలోకి పోనిచ్చి, ప్రార్థన అయ్యేదాకా అలాగే ఉంచింది.